నాయకుణ్ణి అభిమానించడం గురించి, మా మనవరాలికి

చిట్టీ,

నువ్వు పంపిన వీడియోలు చూశాను. ఆ అబ్బాయి బాగానే మాట్లాడుతున్నాడు, కాదనను. వచ్చే ఎన్నికల్లో అతని తరఫున ఇంటింటికీ తిరుగుతానన్నావు. తిరుగు. మీ అమ్మ వద్దంటే నేను మాట్లాడతాను. అయితే, "సుందరయ్యగారి మీద నీ అభిమానం ఇన్నేళ్ళయినా తగ్గలేదేంటమ్మమ్మా?" అని అడిగావు కదా, అది ఫోన్లో చెబితే సగంలో నీకు ఇంకో కాల్ వస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారితో నేను ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగను. సభల్లో దూరం నుంచి చూడడమే. నాకు తెలిసినంతలో ఆయన ఉపన్యాసం చప్పట్లు కొట్టించే రకం కాదు. కూలి రేట్లు, ఎకరాలు, కాలవ నీళ్ళు, వాటి అంకెలు. వెనక వరసల్లో ఆవలింతలు వినిపించేవి. ఇప్పుడైతే రీల్‌కి పనికొచ్చే ముక్క ఒక్కటి దొరికేది కాదు. మాటలకే పడిపోయి ఉంటే నా అభిమానం ఆయనకి ఓటేసిన ఎన్నికలతోనే అయిపోయేదేమో. ఎవరైనా వెళ్ళి సరిచూసుకోగలిగిన పనులు కొన్ని ఉన్నాయి, అవే నన్ను పట్టుకున్నాయి.

ఆయన 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న ఇంట్లో పుట్టారు. పేరు చివర రెడ్డి తీసేశారు. తన వాటాకొచ్చిన ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. 1952లో రాజ్యసభకి వెళితే, ఢిల్లీలో పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళేవారు. ఈ సైకిల్ కథ అందరూ చెబుతారు గానీ నాకు దాని మీద పెద్ద మోజు లేదు. కెమెరా వాణ్ణి పిలిచి సైకిలెక్కడం ఈ రోజుల్లో ఎంతసేపు?

నా మనసులో పాతుకున్నది వేరే సంగతి. 1943లో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. పార్టీ పనికి అడ్డం రాకూడదని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. ఆపరేషన్ ఆయన చేయించుకున్నారు. మా ఊళ్ళో ఈ మాట వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళే చీరకొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఇప్పటికీ మన చుట్టుపక్కల ఆ ఆపరేషన్ ఆడదాని వంతే కదా. నాకు నవ్వు రాలేదు. సమాజం మారాలి అని చెప్పే మనిషి, ఆ మార్పు బరువు తన ఇంట్లో ఎవరి మీద వేస్తున్నాడో చూడడం అప్పుడే అలవాటయింది. నువ్వూ చూడు. అతని ఆఫీసులో మీటింగ్ జరిగేటప్పుడు టీలు ఎవరు అందిస్తున్నారు? నీలాంటి ఆడపిల్లలు కరపత్రాలు పంచడానికేనా, ఏ వీధికి వెళ్ళాలో, ఏం చెప్పాలో తేల్చేటప్పుడు కూడా ఉంటున్నారా? రాత్రి పొద్దుపోయాక మిమ్మల్ని ఇళ్ళకి ఎవరు చేరుస్తున్నారు? మేనిఫెస్టో కంటే ముందు ఇవి కనుక్కో.

పదవి సంగతి కూడా చెప్పాలి. 1964లో సీపీఎం ఏర్పడినప్పటి నుంచి ఆయనే ప్రధాన కార్యదర్శి. 1975లో సొంత పార్టీ తీరుతో పడక రాజీనామా లేఖ రాశారు. దేశం మొత్తం మీద పార్టీకి నాయకుడిగా ఉన్న మనిషి 1978లో మళ్ళీ మా గన్నవరంలో ఎమ్మెల్యేగా నిలబడ్డారు. 1955లోనూ 1962లోనూ ఇక్కడే గెలిచారు లే. అప్పట్లో ఓటుకి ఇరవై ఒకటి నిండాలి, ఆ అసెంబ్లీ ఎన్నికలే నాకు మొదటివి. రాష్ట్రమంతా ఇందిరా కాంగ్రెస్ గాలి, 294 సీట్లలో 175 వాళ్ళవే. మా అత్తగారిల్లూ కాంగ్రెస్సే. మా మామగారు ఏ గుర్తు మీద ముద్ర వెయ్యాలో ముందురోజు రాత్రే చెప్పారు. తలూపాను. పొద్దున్నే వెళ్ళి సుత్తీ కొడవలి చుక్క మీద వేసి, కాగితం మడిచి డబ్బాలో వేసి వచ్చాను. సుందరయ్యగారు గెలిచిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు, నేను తప్ప.

ఇంత చెప్పాను కదా అని ఆయన ప్రతి మాటకీ తలూపాననుకోకు. 1972లో ఆంధ్రని వేరే రాష్ట్రం చెయ్యాలని జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు నేను బెజవాడలో కాలేజీలో ఉన్నాను. రాష్ట్రం ఒక్కటిగానే ఉండాలన్నది కమ్యూనిస్టుల మాట. ఆయన విశాలాంధ్ర కోసం, అంటే తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం కోసం, తెలంగాణ సాయుధ పోరాటం రోజుల నుంచీ పట్టుబట్టిన మనిషి. నేను ఊరేగింపులో ఆయన పార్టీకి ఎదురుగా గొంతు చించుకున్నదాన్ని. ఆరేళ్ళ తర్వాత ఆయనకే ఓటేశాను. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది, ఆయన కోరుకున్నది ఇక లేదు. ఖమ్మంలో మీ నాన్న తరఫు వాళ్ళకి అది పండగ, ఉండాల్సిందే. ఆ సాయుధ పోరాటం గురించి కూడా వాళ్ళు చెప్పే కథలు వేరు, మేం విన్నవి వేరు. మీ నాయనమ్మని అడుగు. ఇవేవీ నా అభిమానాన్ని తగ్గించలేదు, ఎందుకంటే అన్నిట్లో ఆయన సరి అని నేను మొదటి నుంచీ అనుకోలేదు. నీ అబ్బాయితో నీకు కుదరని విషయం ఒకటి వెతికిపెట్టుకో. ఎంత వెతికినా దొరక్కపోతే అతన్ని నువ్వు ఇంకా చదవలేదన్నమాటే. ఆ విషయం వెళ్ళి అతని ముందే అడుగు. విసుక్కుంటాడా, వింటాడా చూడు.

కాగితాల పని కూడా ఉంది. మాకు లేని సౌకర్యం మీకుంది. సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పిన దగ్గర నుంచి అభ్యర్థులు ఆస్తులు, అప్పులు, కేసులు అఫిడవిట్‌లో రాసివ్వాల్సి వచ్చింది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ నియోజకవర్గంలో ఇప్పుడున్న ఎమ్మెల్యేది కిందటిసారిదీ ఈసారిదీ పక్కపక్కన పెట్టు. నీ అబ్బాయిది కూడా అంతే జాగ్రత్తగా చదువు, నచ్చినవాడని వదలకు. ఇంతకీ నీ పేరు ఓటర్ల జాబితాలో చేరిందా? పద్దెనిమిది నిండి కూడా ఫారం 6 పెట్టకపోతే ఊరంతా తిరిగి నువ్వు మాత్రం ఓటెయ్యలేవు. ముందు అది చూసుకో.

సుందరయ్యగారు 1985లో పోయారు. మీరుండే చోటు నుంచి బాగ్‌లింగంపల్లి ఎంత దూరం? అక్కడ ఆయన పేరు మీద విజ్ఞాన కేంద్రం ఉంది, వాళ్ళ లైబ్రరీలో పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు ఉంటాయి. లైబ్రరీ ఇప్పుడు ఎక్కడుందో, తెరిచి ఉందో లేదో ముందు కనుక్కో. ఆయన రాసినవి చదువు, ఆయన్ని తిట్టినవాళ్ళు రాసినవి కూడా చదువు.

అఫిడవిట్ చూశాక నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు దాటాక అయితే మంచిది, మీ తాతయ్య నిద్రపోతుంటారు. 1978లో నేను ఎవరికి వేశానో ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

అమ్మమ్మ