మా అమ్మాయి జపాన్ వెళ్లి యానిమేకు గొంతు ఇస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మూడేళ్లుగా యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, చూస్తూ జపనీస్ సొంతంగా నేర్చుకుంటోంది, జపనీస్ భాషా పరీక్షల్లో ఎన్4 స్థాయి కూడా పాసైంది. ఇంజినీరింగ్ వద్దు, టోక్యో వెళ్లి వాయిస్ యాక్టర్ అవుతానని పట్టుబట్టింది. పన్నెండు లక్షలు కడితే టోక్యోలో రెండేళ్ల శిక్షణ ఇప్పిస్తామని, ఆ తర్వాత పాత్రలు ఖాయమని ఒక కన్సల్టెన్సీ వారు అంటున్నారు. డబ్బు ఇంకా కట్టలేదు. వాళ్ల నాన్న "కార్టూన్లకు గొంతు ఇవ్వడం ఒక ఉద్యోగమా" అని ఆమెతో మాట్లాడటమే మానేశారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, డబ్బు కట్టకుండా ఆగి మంచి పని చేశారు. ఇక మీదట కూడా కట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను. అంతకంటే ముందు ఆ అమ్మాయి కోరుతున్నది ఏమిటో మీ వారికి, ఆ మాటకొస్తే ఆమెకు కూడా, సరిగ్గా తెలియాలి. ఆయనకు అది కార్టూన్ల పిచ్చిలా కనిపిస్తోంది. ఆమెకు అభిమాన పాత్రలు తిరిగే లోకంలా కనిపిస్తోంది. నిజానికి అది కష్టమైన నటవృత్తి. ఆ సంగతి ఇద్దరికీ ఇంకా కనిపించలేదు.

గొంతుతో నటించేవారిని జపాన్‌లో సేయూ అంటారు. టెలివిజన్ కొత్తగా వచ్చిన రోజుల్లో అక్కడి పెద్ద సినిమా కంపెనీలు తమ తారలను టీవీకి పంపడానికి ఇష్టపడలేదు. దాంతో టీవీ వారు అమెరికన్ ధారావాహికలు కొని తెచ్చుకుని, వాటికి జపనీస్ మాటలు చెప్పడానికి నాటక సమాజాల వారిని, రేడియో నాటకాల వారిని పిలిచారు. 1963 జనవరిలో 'తెత్సువాన్ అతోము' (ఆస్ట్రో బాయ్) అనే టీవీ సిరీస్ మొదలై యానిమే వారం వారం ఇంటికి వచ్చే వినోదంగా మారినప్పుడు కూడా మైకు ముందు నిలబడింది ఎక్కువగా ఈ రంగస్థలం వారే. ఆ పుట్టుక గుణం నేటికీ పోలేదు. 1936లో పుట్టిన నొజావా మసాకో బాలనటిగా మొదలై నాటకాలు ఆడుతూ ఈ రంగంలోకి వచ్చారు. 1986 నుంచి యానిమే సిరీస్ డ్రాగన్ బాల్‌లో కుర్ర హీరో గోకూ గొంతు ఆమెదే. 2024లో మొదలైన కొత్త సిరీస్‌లోనూ, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, ఆ కుర్రవాడి కేక ఆమె గొంతులోంచే వచ్చింది. గొంతును మెలితిప్పి "యానిమే స్వరం" పెట్టడం వల్ల అది సాధ్యం కాలేదు. మీ అమ్మాయి గదిలో తలుపు వేసుకుని సాధన చేస్తున్నది ఆ అనుకరణే అయితే దాన్ని తగ్గించమనండి. పదిహేడేళ్ల గొంతు కూడా అరుపులకు పాడవుతుంది. ఆడిషన్‌లో వారు వెతికేది మరొకరి స్వరాన్ని కాదు కూడా.

పని జరిగే గది ఎలా ఉంటుందో చెబుతాను, ఇది ఆమెకు చదివి వినిపించండి. యానిమేకు గొంతులు రికార్డు చేయడాన్ని అఫురెకో అంటారు. ఎదురుగా తెర, దాని ముందు మూడో నాలుగో మైకులు, గోడ వెంబడి కుర్చీలు. పదిహేను మంది నటులున్నా ఆ నాలుగు మైకులే దిక్కు. తన మాట రాబోతుండగా లేచి, ఖాళీ అయిన మైకు దగ్గరకు అలికిడి లేకుండా వెళ్లాలి. మాట చెప్పి, వెనక వచ్చేవారికి తగలకుండా తప్పుకోవాలి. చేతిలో ఉన్న స్క్రిప్టు కాగితం తిప్పినా చప్పుడు రాకూడదు. గాజులు, గలగలలాడే గొలుసులు, రాసుకుంటే శబ్దం చేసే బట్టలు ఆ గదిలోకి రావు. ఆకలికి కడుపు గుర్రుమన్నా మైకు పట్టేస్తుంది కాబట్టి ఏదో ఒకటి తిని వస్తారు. తెర మీద బొమ్మ చాలాసార్లు పూర్తయి ఉండదు. కదలని గీతలుంటాయి, ఎవరు మాట్లాడాలో తెలిపే పేరు మాత్రం అక్కడ వెలిగి ఆరుతుంది. అది వెలిగి ఉన్నంత సేపట్లోనే భయమో ప్రేమో పరుగో ఊహించుకుని పలకాలి. సౌండ్ డైరెక్టర్ అద్దం అవతలి నుంచి "కొంచెం తక్కువ దూరంలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు" అంటే, ఆ "కొంచెం" ఎంతో అక్కడికక్కడే పట్టుకోవాలి. కొవిడ్ తర్వాత చిన్న చిన్న బృందాలుగా రికార్డు చేసే అలవాటు పెరిగింది గానీ పని తీరు ఇదే.

ఆ గదికి కొన్ని మర్యాదలు కూడా ఉన్నాయి. సాయంత్రం వచ్చినా "ఒహాయో గొజాయిమస్" (శుభోదయం) అనే పలకరిస్తారు. కొత్తవారు తలుపు దగ్గర కూర్చుంటారు, పెద్దలు వస్తుంటే, పోతుంటే ఆ బరువైన తలుపు తెరిచి పట్టుకుంటారు. కొత్తవారికి మొదట దొరికేది గయ, అంటే సంతలోనో బడిలోనో వెనక వినిపించే జనం మాటలు. పేరు లేని ఆ మాటలను నలుగురితో కలిసి నిజమైన జనంలా పలకడం చిన్న విద్య కాదు. వినయం, ఓర్పు, సమయపాలన చూసే మరుసటి పిలుపు వస్తుంది. మన ఇళ్లలో పెద్దలు రాగానే లేచి నిలబడే పిల్లలకు ఈ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించదు.

ఇప్పుడు డబ్బు. మీ వారు ఈ భాగం తప్పక చదవాలి. జపాన్ నటుల సంఘం పద్ధతి ప్రకారం ప్రతి సేయూకు ఒక ర్యాంకు ఉంటుంది. జూనియర్ ర్యాంకులో అరగంట ఎపిసోడ్‌కు 15,000 యెన్లు, అంటే దాదాపు తొమ్మిది వేల రూపాయలు. ఎపిసోడ్‌లో ఒక్క మాట ఉన్నా వంద మాటలు ఉన్నా అంతే. అందులో పనులు ఇప్పించే ఏజెన్సీ వాటా, పన్ను పోతాయి. నెలకు నాలుగు ఎపిసోడ్లు దొరికితే అది అదృష్టం, ఆ డబ్బు టోక్యోలో ఒంటి గది అద్దెకు సరిపోతే గొప్ప. అందుకే కొత్తవారు దుకాణాల్లో, హోటళ్లలో పూటపనులు చేస్తూ, రేపు ఆడిషన్ ఉందని ఈ రాత్రి కబురు వస్తే తమ వంతు మార్చుకోమని తోటివారిని బతిమాలుకుంటారు. జూనియర్ కాలం మూడేళ్లు. ఆ తర్వాత ర్యాంకు పెరుగుతుంది. ర్యాంకు పెరిగితే నిర్మాతకు ఖర్చు పెరుగుతుంది, అదే మాట కొత్త జూనియర్‌తో చవకగా చెప్పించవచ్చు. అలా ఎదిగిన ఏడాదే పని తగ్గిపోయినవారు ఎందరో. ఈ రేట్లయినా ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1973లో సేయూలు పని ఆపి వీధుల్లోకి వచ్చాకే వారి పారితోషికాలు పెరిగాయి. 2024లో తమ గొంతులను అనుమతి లేకుండా కృత్రిమ మేధతో పుట్టించవద్దని పేరున్న సేయూలే ముందుకొచ్చి ప్రచారం చేశారు. ఈ వృత్తిలో పోరాటం ఇంకా ముగియలేదు.

మన దగ్గర గొంతు ఇచ్చేవారు తెర వెనకే ఉంటారు. సుమన్, రాజశేఖర్ సినిమాల్లో సాయికుమార్ గొంతును గుర్తుపట్టి చప్పట్లు కొట్టిన ప్రేక్షకులు కూడా ఆయనను డబ్బింగ్ థియేటర్లో చూడలేదు. జపాన్‌లో సేయూ వేదిక మీదికి వస్తారు. మిజుకి నానా అనే సేయూ 2011లో భారీ స్టేడియం అయిన టోక్యో డోమ్‌లో కచేరీ చేశారు, అంతకు రెండేళ్ల ముందు జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఏడాది చివరి పాటల కార్యక్రమంలో పాడారు. ఇప్పుడు కొత్తవారి నుంచి కూడా పాట, నృత్యం, రేడియో కబుర్లు, ఫొటోలు ఆశిస్తున్నారు. ముఖ్యంగా అమ్మాయిల వయసు, రూపం, పెళ్లి, స్నేహాలు అన్నింటి మీదా అభిమానుల చూపు ఉంటుంది. ఆ ఒత్తిడి గురించి తల్లిగా మీరే ఆమెతో నెమ్మదిగా మాట్లాడితే బాగుంటుంది.

కన్సల్టెన్సీ సంగతికి వస్తాను. సేయూ శిక్షణ ఇచ్చే చోట్లు రెండు రకాలు. ఒకటి సెన్మోన్ గక్కో, అంటే గుర్తింపు ఉన్న వృత్తి విద్యా కళాశాల. రెండోది యోసేజో, అంటే ఏజెన్సీలకు అనుబంధంగా నడిచే శిక్షణ కేంద్రం. ఏజెన్సీ అయిన అఒని ప్రొడక్షన్‌కు అఒని జుకు అనే కేంద్రం ఉన్నట్టు. ఏజెన్సీలోకి దారి ఎక్కువగా రెండోదాని నుంచే. కానీ యోసేజోలు చాలావరకు చట్టం దృష్టిలో కళాశాలలు కావు, అందుకే విదేశీ విద్యార్థికి వీసా ఇప్పించలేవు. కొన్నింటిలో వారానికి ఒక్క రోజే తరగతి. సెన్మోన్ గక్కో వీసా ఇప్పించగలదు, అయితే అక్కడ చేరాలంటే సాధారణంగా ఎన్2 స్థాయి (ఎన్4 కంటే రెండు మెట్లు పైది) జపనీస్ గానీ, జపాన్‌లో భాషా పాఠశాల చదువు గానీ అడుగుతారు. ఫీజు ఏడాదికి పది లక్షల యెన్లు దాటుతుంది, అంటే దాదాపు ఆరు లక్షల రూపాయలు. ఉండటానికి, తినడానికి వేరే. విద్యార్థి వీసా మీద వారానికి 28 గంటలకు మించి పని చేయకూడదు. చదువు అయ్యాక అసలు ముడి బిగుసుకుంటుంది. సేయూకు ఏజెన్సీతో ఉండేది నెల జీతం ఉద్యోగం కాదు, పని దొరికితేనే డబ్బు. ఇలాంటి కొత్త నటి కోసం ఏజెన్సీ వీసా బాధ్యత తీసుకోవడం అరుదు. శిక్షణ చివర ఎంపిక పరీక్షలో నెగ్గినా మొదట పరిశీలనలో ఉంచుకుంటారు, తర్వాత తాత్కాలిక సభ్యత్వం, ఆ తర్వాతే పూర్తి సభ్యత్వం. టోక్యోలో పుట్టిపెరిగిన పిల్లల్లోనే అధిక శాతం ఈ మెట్ల మీదే ఆగిపోతారు. "పాత్రలు ఖాయం" అని ఖమ్మంలో ఉన్న తల్లికి చెప్పగలిగిన మనిషి జపాన్‌లోనే లేడు.

విదేశీయులకు దారి పూర్తిగా మూసుకుపోయిందా అంటే లేదు. రష్యాలోని నోవోసిబిర్స్క్ నుంచి వచ్చిన జేన్యా, చైనా నుంచి వచ్చి అఒనిలో చేరిన ర్యూ సేరా జపనీస్‌లోనే సేయూలుగా నిలబడ్డారు. ఇద్దరికీ జపనీస్ నోటికి అంటిన భాషగా మారాకే అది సాధ్యమైంది.

ఆ భాష సంగతిలో మీ అమ్మాయికి ఒక ఆస్తి ఉంది, బహుశా ఆమె గమనించి ఉండదు. తెలుగు అజంత భాష. జపనీస్ మాటలు కూడా దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం తేడా మనకు పుట్టుకతో వస్తుంది. "ఒబసాన్" అంటే పిన్నో అత్తో, "ఒబాసాన్" అంటే అమ్మమ్మ. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. ఇంగ్లిష్ వారు నెలల తరబడి తడబడే చోట తెలుగు పిల్ల మొదటి వారంలోనే దాటిపోతుంది. కష్టం వేరే చోట ఉంది. "హషి" అనే మాటను మొదటి అక్షరం ఎత్తి పలికితే భోజనం చేసే పుల్లలు, రెండోది ఎత్తితే వంతెన. ఇలా ప్రతి మాటకూ స్వరంలో ఒక ఎగుడు దిగుడు ఉంటుంది, మనకు ఆ అలవాటు లేదు. పైగా మనం ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం, వారు "దెసు" అని రాసి "దెస్" అంటారు. సేయూలు ఎన్‌హెచ్‌కే ఉచ్చారణ నిఘంటువు చేత్తో పట్టుకుని ఈ ఎత్తుపల్లాలు చూసుకుంటారు. 1718లో కబుకి అనే సంప్రదాయ నాటక వేదిక మీద పుట్టిన "ఉయిరోఉరి" అనే మందులమ్మే వాడి సుదీర్ఘమైన ప్రసంగాన్ని నోరు తిరగడానికి ఈనాటికీ వల్లె వేస్తారు. మన పిల్లలు పద్యం కంఠస్థం చేసినట్టే. మీ అమ్మాయి అది మొదలుపెట్టడానికి టోక్యో వెళ్లనక్కరలేదు.

నా సలహా ఇది. వచ్చే మూడు నాలుగేళ్లు ఇక్కడే గడపనివ్వండి, కానీ ఊరికే గడపనివ్వకండి. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) జపనీస్ ప్రధానంగా డిగ్రీ చదవడానికి ప్రయత్నించమనండి. జపనీస్ డిగ్రీ చదివేవారిని ఏడాది పాటు అక్కడి విశ్వవిద్యాలయానికి పంపే జపాన్ ప్రభుత్వ ఉపకార వేతనం ఉంది, ఆ ఏడాది మీ పన్నెండు లక్షలు ఖర్చు కాకుండానే టోక్యోనో క్యోటోనో చూసి రావచ్చు. అంతవరకూ వెళ్లకపోయినా ఎన్2 చేతికొస్తే అనువాదం, జపాన్ కంపెనీల ఉద్యోగాలు అందుబాటులోకి వస్తాయి. ఈ విషయంలో మీ వారికి ధైర్యం చెప్పవచ్చు. ఇంజినీరింగే చదవాలని ఆయన పట్టుబడితే దానితో పాటు జపనీస్ సాగించడమూ కుదురుతుంది, కాకపోతే ఉపకార వేతనం దారి పోతుంది.

రెండోది, నాటకం. డిగ్రీ మొదటి ఏడాదే ఏదో ఒక నాటక బృందంలో చేరమనండి. పాత్ర దొరక్కపోతే తెర లాగమనండి. ఎదుటి మనిషి చెప్పేది విని, దానికి బదులుగా మాట్లాడటం అక్కడే వస్తుంది. ఒంటరిగా ఫోనులో రికార్డు చేసుకుంటే ఎన్నేళ్లకూ రాదు.

మూడోది తెలుగు గొంతు. చిన్నప్పుడు ఆమె డోరేమాన్‌ను తెలుగులోనే చూసి ఉంటుంది. 2023 నుంచి యానిమే చూపించే స్ట్రీమింగ్ వేదిక క్రంచీరోల్‌లో తెలుగు యానిమే వస్తోంది. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ అనే యానిమే సినిమా తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. ఆ పాత్రలకు ఎవరో తెలుగు అమ్మాయిలు, అబ్బాయిలు గొంతు ఇచ్చారు. జపనీస్ తెలిసి, నాటకం తెలిసి, ఒత్తులు పోకుండా తెలుగు పలికే అమ్మాయికి హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్లలో తప్పక చోటు ఉంటుంది. మాటల రచనలోనూ ఉంటుంది. చాలా డబ్బింగులు ఇంగ్లిష్ మీదుగా వచ్చి మూలంలోని పిలుపులు, మర్యాదలు పోగొట్టుకుంటున్నాయి. జపనీస్‌లో అక్కను, పెద్దను, గురువును పిలిచే తీరుకు తెలుగులో సరిజోడు మాటలున్నాయి. నేరుగా జపనీస్ నుంచి తెలుగు చేయగలిగినవారు వేళ్ల మీద లెక్కించేంత మందే ఉంటారు, ఆ పని మీద నాకు ఎంతో ఆశ ఉంది.

ఇరవై ఒకటో ఏట, ఎన్2 చేతిలో ఉండి, రెండు మూడు నాటకాలు ఆడిన తర్వాత కూడా టోక్యో అనే అంటే, అప్పుడు పంపండి. ఆ వయసు వారికి అక్కడ వేళ మించిపోదు.

ఈ వారం మీరు చేయాల్సినవి రెండు పనులు. కన్సల్టెన్సీ వారిని మూడు ప్రశ్నలు అడగండి: చేర్చేది సెన్మోన్ గక్కోలోనా యోసేజోలోనా, వీసా ఏ సంస్థ పేరు మీద వస్తుంది, చదువు అయ్యాక ఏ వీసా మీద ఉంటుంది. జవాబులు కాగితం మీద రాసి సంతకం చేసి ఇమ్మనండి. ఇక అమ్మాయితో ఏదైనా తెలుగు కథలోంచి ఒక పేజీ మామూలు గొంతుతో చదివించి, ఎదురుగా వాళ్ల నాన్నను కూర్చోబెట్టండి. ఆయన మాట్లాడకపోయినా ఫరవాలేదు, వింటే చాలు. ఆ రికార్డింగు నాకు పంపండి, విని మళ్లీ రాస్తాను.