1969లో సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యుంటే?

"1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి బదులు నీలం సంజీవరెడ్డి గెలిచి ఉంటే ఏమయ్యేది?" అని అడిగారు. డిగ్రీలో ఉండగా సరిగ్గా దీని మీదే ఒక కథ రాశాను. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం రాష్ట్రపతి భవన్‌కు వస్తుంది. సంజీవరెడ్డి సంతకం పెట్టనంటారు. రాసుకుని తెగ మురిసిపోయాను. మా రూమ్మేట్ చదివి, "ఒరేయ్, 69 ఆగస్టులో గెలిచినాయన పదవీకాలం 74 ఆగస్టుకే అయిపోతుంది కదరా" అన్నాడు. కథ అక్కడే చచ్చింది.

పరువు దక్కించుకుందామని లెక్కలు తవ్వాను. మొదటి ప్రాధాన్య ఓట్లు గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరూ సగం దాటలేదు. దాంతో వెనకబడినవాళ్లను తప్పించి, వాళ్లకు ఓటేసినవారి రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టారు. మన రాష్ట్రపతి ఎన్నికల్లో అలా ఫలితం తేలింది ఆ ఒక్కసారే. దేశ్‌ముఖ్ వెనకున్న జనసంఘ్, స్వతంత్ర పార్టీల రెండో ఓటు చాలావరకు సంజీవరెడ్డికే పడింది. అయినా చివరికి గిరి 4,20,077, ఈయన 4,05,427. తేడా 14,650. అప్పట్లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 576. ఒక్కరు ఇటు తిరిగితే అక్కడ 576 తగ్గి, ఇక్కడ 576 పెరుగుతాయి. అంటే గిరికి వేసిన ఎంపీల్లో 13 మంది ఇటు తిరిగి ఉంటే చాలు! సంజీవరెడ్డి కాంగ్రెస్ అభ్యర్థే అయినా, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండని ఆ పార్టీ ప్రధాని ఇందిరాగాంధీ అనకపోతే ఆ పదమూడుగురు దొరికేవారనే నా నమ్మకం. (తమాషా ఏమిటంటే, సంజీవరెడ్డి పేరును ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం చేసింది ఆవిడే.)

సరే, గెలిచారనుకుందాం. బ్యాంకుల జాతీయీకరణ ఎలాగూ ఆగదు. ఆ ఆర్డినెన్సు మీద గిరి తాత్కాలిక రాష్ట్రపతిగా జూలై 19నే సంతకం చేసేశారు. అసలు మలుపు 1970 డిసెంబరులో ఉందని నాకనిపిస్తుంది. కాంగ్రెస్ చీలిపోయి, ఇందిర ప్రభుత్వం సీపీఐ, డీఎంకేల మద్దతుతో నడుస్తోంది. గడువుకు ఏడాది ముందే లోక్‌సభను రద్దు చేయమని ఆమె అడిగారు, గిరి చేశారు. మంత్రివర్గం సలహాకు రాష్ట్రపతి కట్టుబడి తీరాలని రాజ్యాంగంలో విడమరిచి రాసింది 1976లో, 42వ సవరణతోనే. కాబట్టి ఆమె పని గట్టుకుని ఓడించాలని చూసిన మనిషి ఆ కుర్చీలో ఉంటే, "ఆగండి, ఇంకెవరికైనా మెజారిటీ ఉందేమో చూద్దాం" అనే వీలుండేది. అప్పుడు 1971లో గరీబీ హఠావో, 352 సీట్లు ఎక్కడివి?

ఇక్కడిదాకా కథ బాగానే నడిచింది. చిక్కల్లా, 1977లో నిజంగానే రాష్ట్రపతి అయిన సంజీవరెడ్డి 1979లో ఏం చేశారో మనకు తెలుసు. సభలో బలం నిరూపించుకోని ప్రధాని చరణ్ సింగ్ చెబితే లోక్‌సభను రద్దు చేశారు. నాకు బలముందన్న జగ్జీవన్‌రామ్‌కు అవకాశమే ఇవ్వలేదు. 1969లో ఇందిర రాష్ట్రపతి పదవికి సూచించిన పేరు ఈ జగ్జీవన్‌రామ్‌దే. పార్టీ పెద్దలు ఆయన్ను కాదని సంజీవరెడ్డిని నిలబెట్టారు.

అందుకే ఆ 1970 డిసెంబరు సీను రెండు రకాలుగా రాసి పెట్టుకున్నాను: సంజీవరెడ్డి ఆగండి అనేది ఒకటి, సభను రద్దు చేసేసేది ఒకటి. ఏది ఉంచాలో ఇప్పటికీ తేలలేదు.