మూడడుగులు కొలిచిందెవరు?

అమ్మాయీ,

నీ కథ చదివాను. వాక్యం బాగుంది. కానీ లిఫ్టులో నిండు చూలాలి దగ్గరికి ఒకడు వచ్చి నిలబడే ఘట్టంలో "ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం ఉంది" అని రాశావు చూడు, అక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది. నిండు చూలాలికి మూడడుగులేమిటి? ఎక్కడి నుంచి కొలిచావు, వెన్నెముక నుంచా, కడుపు నుంచా?

ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త 1966లో మనిషికీ మనిషికీ మధ్య దూరాలకు ఈ గీతలు గీశాడు: అడుగున్నర లోపల ఆత్మీయులు, నాలుగడుగుల దాకా వ్యక్తిగతం. ఆయన చూసింది ఎక్కువగా అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతిని. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు, వల్లించేవాళ్లే మరిచిపోయారు.

మన చుట్టూ మనదనిపించే ఆ జాగాను ఒళ్లే కొలుస్తుంది, ఒంటితోపాటే అది మారుతుంది. గర్భిణులను పరీక్షించి చూశారు. ఎనిమిదో నెల ప్రాంతంలో అది విస్తరించింది. 1996లో జపాన్ పరిశోధకులు కోతులకు పొడవాటి పనిముట్టుతో తిండి లాక్కోవడం నేర్పారు. అంతవరకు చేతి దగ్గరికి వచ్చినవాటికే స్పందించిన మెదడు కణాలు, ఆ తర్వాత పనిముట్టు పొడవునా స్పందించాయి. ఊరికే చేత పట్టుకుంటే మాత్రం ఏమీ జరగలేదు.

నాకు ఇది కోతులు చెప్పక ముందే తెలుసు. కాలు విరిగి చంకకర్రలతో తిరిగిన రోజుల్లో, కర్ర కిందనున్న రబ్బరు బిళ్లకు ఎవరి చెప్పు తగిలినా పాదం తొక్కినట్టే ఉలిక్కిపడేవాణ్ణి. దాని మీద కథ రాస్తే ఒక సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే కోసేశాడు. "కథ నడవడం లేదు" అట! చంకకర్రల మీద ఉన్నవాడి కథ ఇంకెలా నడుస్తుంది? ఇప్పటి కథలు మరీ ఘోరం. పాత్రలన్నీ పేజీలకొద్దీ ఆలోచిస్తాయి, వాటి మోచేతులు ఎక్కడున్నాయో రచయితకే తెలియదు.

మీదికి వచ్చి నిలబడ్డ ఆ మనిషిని దుర్మార్గుడని ఎందుకు తేల్చేశావు? మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం దెబ్బతిన్న ఒకావిడ, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడినా తనకు ఇబ్బందే లేదన్నట్టు 2009 నాటి పరిశోధనలో ఉంది. అతనికీ ఒక ఒళ్లు ఉంది కదా, అందులోకి ఒకసారి దూరి చూడు.

ఆ అంకె కొట్టెయ్యి. ఆమె చేతిసంచి భుజం మీద నుంచి కడుపు ముందుకు ఎప్పుడు వచ్చింది, వీపు గోడకు ఆనిందా, చెమట పట్టిన అద్దం చల్లగా తగిలిందా, అవి రాయి. కలంపేరు, పత్రికల చిరునామాలు అడిగావు, వాటి సంగతి తర్వాత. నిడివి పెరుగుతుందేమోనని భయపడకు. కోసేవాళ్లు ఎలాగూ కోస్తారు, వాళ్ల పని నువ్వెందుకు చేసిపెడతావు?