రెగే మనుషుల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. లండన్ బ్రిక్స్‌టన్‌లో కలిసిన రెగే గాయకుణ్ణి ‘ఎంత ఎదిగినా ఒదిగి ఉండే మనిషి’ అన్నావు. ఆ మాట కొట్టేయ్. మన సినిమా ఫంక్షన్లలో ప్రతి హీరో గురించీ అదే చెబుతారు.

జమైకాలో పుట్టిన ఈ రెగే సంగీతం వాళ్ళు మనుషుల్లో కలిసిపోతారన్నది నిజమే. ఎందుకో రాయి. లండన్ సౌండ్ సిస్టమ్ డాన్సుల్లో, అంటే పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసే చోట, చాలాసార్లు స్టేజీయే ఉండదు. మనిషికంటే ఎత్తున స్పీకర్ పెట్టెలు పేర్చి ఉంటాయి. రికార్డులు వేసే ఆయన జనం నిలబడ్డ నేలమీదే, ఓ బల్ల వెనక ఉంటాడు. అలా సౌండ్ సిస్టమ్ నడిపిన జా షాకానే తీసుకో. జమైకా నుంచి చిన్నప్పుడే లండన్ వచ్చాడు. 1970ల నుంచి 2023లో పోయేదాకా ఇదే పని. అంత పేరొచ్చినా రికార్డు తిరిగే టర్న్‌టేబుల్ ఒక్కదానితోనే నడిపాడు. పాట అయ్యాక రికార్డును రెండోవైపుకి తిప్పి డబ్, అంటే అదే పాటకు గొంతు తగ్గించి బేస్, డ్రమ్స్ పెంచిన రూపం, వేసేవాడు. మధ్యలో సైరన్ మోత, నాలుగు మాటలు. బల్ల దగ్గర నిలబడితే ఆయన చేతులు కనిపించేవి. అభిమానికీ ఆయనకీ మధ్య దూరం పెట్టే ఏర్పాటే లేదక్కడ.

గాయకులు స్టేజీ ఎక్కి పాడే గిగ్‌ల సంగతి వేరు. ఓసారి షో అయ్యాక, కుర్రతనం నుంచీ నేను పాటలు వింటున్న ఒక పెద్దాయన వెనక తలుపు దగ్గర కనిపించాడు. గుడ్డసంచీలోంచి సెవెన్ ఇంచ్ రికార్డులు తీసి అమ్ముతున్నాడు. నేను నోటిస్తే చిల్లర కోసం జేబులన్నీ తడుముకున్నాడు. రికార్డును చొక్కా అంచుతో తుడిచి మరీ ఇచ్చాడు. నేనేదో సంగీతం గురించి పెద్ద ప్రశ్న వేస్తే, నైట్ బస్ ఎక్కడ ఆగుతుందని ఎదురడిగాడు.

దీన్ని సింప్లిసిటీ అని మురిసిపోకు. 1960లు, 70ల్లో కింగ్‌స్టన్ స్టూడియోల్లో చాలామంది గాయకులకు పాటకింత అని చేతిలో పెట్టి పంపేశారు. రాయల్టీలు సరిగ్గా అందలేదు. ఆ సంచీ ఆయన సరదా కాదు, సంపాదన. ఈ లెక్క వదిలేసి వినయాన్ని పొగిడితే ఆయనకు అన్యాయం చేసినట్టే.

జడలు, గంజాయి పొగ, వేదాంతం కూడా తగ్గించు. రెగే పాడేవాళ్ళందరూ రాస్తాలు, అంటే జమైకాలో పుట్టిన రాస్తాఫారి మతం వాళ్ళు, కారు. నువ్వు కలిసిన గాయకుడు అనని తత్వం ఆయన నోట పెట్టకు. నడుంనొప్పి గురించి మాట్లాడితే నడుంనొప్పే రాయి, నాకైతే అదే ఇష్టం.

హాల్లో నోట్సు తీద్దామనుకోకు. చీకటి, పైగా బేస్ పక్కటెముకల్లో మోగుతుంటే పెన్ను నిలవదు. తిరుగు బస్సులో రాసుకో. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకో, ఇది పెద్దవాడి చాదస్తం కాదు.

అన్నట్టు, బేస్ గిటార్ వాయించినతను కేబుళ్ళు చుడుతూ నీతో మాట్లాడాడని ఒక్క వాక్యంలో తేల్చేశావే, వ్యాసం అక్కడ మొదలవ్వాలి. పెట్టెలు ఎవరు మోశారు, వ్యాన్ ఎవరిది, నిన్ను కూడా ఓ చెయ్యి వెయ్యమన్నాడా? గుర్తున్నంతవరకు రాసి పంపు. గుర్తులేనిది కల్పించకు. ఇంకో డాన్స్ ఉంటుందిగా, వెళ్ళి చూసిరా.

మీ అన్నయ్య