ఫోను లాక్కునే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ కొడుకు రాత్రి రెండింటి దాకా ఫోనులో ఆటలాడుతున్నాడని, మార్కులు పడిపోయాయని, భోజనానికి పిలిస్తే కసురుకుంటున్నాడని, మొన్న అల్లుడు ఫోను లాక్కుంటే గోడను గుద్ది చెయ్యి వాచేలా చేసుకున్నాడని రాశావు. నాలుగు పేజీల ఉత్తరంలో వాడు ఆడే ఆట పేరు మాత్రం ఎక్కడా కనబడలేదు. నీకూ తెలియదేమోనని నా అనుమానం.

మానసిక చికిత్స వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేశానని నన్ను అడిగావు. కానీ ముందు చెప్పవలసింది ఆ ఉద్యోగం సంగతి కాదు, నా ఇంట్లో నేను చేసిన తప్పు. మీ అన్నయ్య పదిహేడో ఏట కంప్యూటర్ ముందు నుంచి లేచేవాడు కాదు. ఒక రాత్రి విసిగిపోయి వైరు పీకేశాను. ఆ సమయంలో వాడు మరో నలుగురితో జట్టు కట్టి ఆడుతున్నాడు. మధ్యలో ఒకడు మాయమైతే జట్టంతా ఓడిపోతుంది. నేననుకున్నది ఒక యంత్రాన్ని ఆపానని. వాడికి మాత్రం నలుగురిలో పరువు పోయింది. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. కాలేజీలో కొందరు వాడిని ఏడాదిగా వేధిస్తున్నారని, వాడితో మర్యాదగా మాట్లాడేది ఆ ఆటలోని నలుగురేనని నాకు తెలిసేసరికి మరో ఆరు నెలలు గడిచాయి. వార్డులో ఊరివాళ్ల పిల్లల పక్కన కూర్చుని ఓపిగ్గా అడిగిన ప్రశ్నల్లో ఒక్కటీ నా కొడుకును అడగలేదు.

ఆట వల్ల వాడికి దిగులు పట్టుకుందా, దిగులుగా ఉండి ఆటలో పడ్డాడా అని అడిగావు. నేను చూసినంతలో రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. బడిలో అవమానమో, పరీక్ష భయమో, ఒంటరితనమో ఏదో ఒకటి లోపల ఉంటుంది. ఆడుతున్నంతసేపు అది గుర్తుకు రాదు. ఆడినందువల్ల నిద్ర చెడుతుంది, చదువు వెనకబడుతుంది, ఇంట్లో తిట్లు పడతాయి. తెల్లవారేసరికి మరిచిపోవలసినవి నిన్నటికన్నా ఎక్కువైపోతాయి. అందుకే వాడు ఎన్ని గంటలు ఆడుతున్నాడనే లెక్క దగ్గర ఆగకు. ఏ సమయంలో, ఏం జరిగాక ఫోను అందుకుంటున్నాడో చూడు. బడి నుంచి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి వెళితే అది ఒక కథ. ఆదివారం మధ్యాహ్నం స్నేహితులతో నవ్వుతూ అరుస్తూ ఆడితే అది వేరే కథ.

‘వ్యసనం’ అన్న మాట వాడి ఎదుట వాడవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ఆటల రుగ్మతను చేర్చిన మాట నిజమే. 2019లో దానికి ఆమోదం వచ్చింది, 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. అందులో గంటల లెక్క లేదు. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ల ముందు కనబడుతున్నా మానలేకపోవడం ఉండాలి. వాటివల్ల చదువు, ఇల్లు, స్నేహాలు గట్టిగా దెబ్బతినాలి. మామూలుగా ఇది 12 నెలల పాటు కనబడాలి, తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే నిర్ధారించవచ్చు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో దీన్ని ఇంకా పరిశోధించవలసిన వాటి జాబితాలోనే పెట్టింది. పండితులే వాదించుకుంటున్న విషయంలో మనం ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పడం దేనికి? పైగా పదిహేనేళ్లవాడికి ఒక ముద్ర వేస్తే, వాడు దానికి తగినట్టే ప్రవర్తించడం నేర్చుకుంటాడు.

వాడికి సంకల్పబలం లేదని రాశావు. ఆ మాట అనేముందు ఆ ఆటలను ఎలా తయారు చేస్తారో తెలుసుకో. బి.ఎఫ్. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. చిన్న బిళ్లను ముక్కుతో పొడిస్తే గింజలు వచ్చే ఏర్పాటు అది. లెక్క ప్రకారం గింజలు పడినప్పటికన్నా, ఎప్పుడు పడతాయో తెలియనప్పుడు పావురాలు విడవకుండా పొడిచేవి. ఆటలో తెరిస్తే ఏముంటుందో తెలియని పెట్టెలు అదే సూత్రం మీద పనిచేస్తాయి. బెల్జియం 2018లో డబ్బు పెట్టి కొనే అలాంటి పెట్టెలను జూదం కిందికి తెచ్చింది. దానికి తోడు, ఒక్కరోజు రాకపోతే వరుస తెగిపోయే బహుమతులు, గడువు దాటితే మళ్లీ దొరకని దుస్తులు, ఆయుధాలు. మన చిన్నప్పటి ఆటలకు చీకటి పడటమనే ముగింపు ఉండేది, వీటికి అదీ లేదు. ఇంత నేర్పు పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు ఉంటే ఎంత బాగుండేదని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఇక చేయవలసిన పని. ముందు నిద్ర, మార్కుల మాట తర్వాత. ఆ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. వాడికి అందులో సగం దక్కుతోందని నీ లెక్కే చెబుతోంది. నిద్ర చాలని పిల్లవాడు చిరాకు పడతాడు, దిగులుగా ఉంటాడు, చదివింది తలకెక్కదు. అచ్చం మానసిక వ్యాధిలాగే కనబడుతుంది. కొన్ని వారాలు కంటినిండా పడుకున్నాక మిగిలేది అసలు సమస్య. రాత్రి ఫోనులన్నీ పడక గదుల బయట, ఒకే చోట ఛార్జింగుకు పెట్టండి. అన్నీ అంటే నీదీ, అల్లుడిదీ కూడా. అలారం కోసం కావాలంటే ఒక గడియారం కొనండి.

అంతకన్నా ముందు ఒకరోజు వాడి పక్కన కూర్చుని ఆట నేర్పమని అడుగు. నటించకు, నటిస్తే పట్టేస్తాడు. నీకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఫర్వాలేదు. నీకు రానిది వాడికి వచ్చు, ఆ అరగంట వాడే గురువు. అందులో వాడి చెయ్యి ఎంత తిరిగిందో, ఎవరు వాడిని మెచ్చుకుంటారో, ఓడినప్పుడు ఎవరు తిడతారో చూడు. అందులో దొరికి బయట దొరకనిది ఏదో అక్కడే తెలుస్తుంది. ఒప్పందం కుదుర్చుకోవలసింది ఆ తర్వాతే. ‘ఇంకో పది నిమిషాలు’ అని చెప్పకు, ‘ఇంకో రెండు మ్యాచ్‌లు’ అని చెప్పు. పది నిమిషాలకు మ్యాచ్ సగంలో ఉంటుంది, మళ్లీ గొడవే. ఎన్ని మ్యాచ్‌లో వాడినే చెప్పనివ్వు, తర్వాత బేరమాడు. తగ్గించిన మొదటి వారం విసుక్కుంటాడు, ఇల్లంతా తిరుగుతాడు, ఏమీ తోచడం లేదంటాడు. దానికి కంగారుపడి ఫోను తిరిగి ఇచ్చేయకు.

నిషేధం ఒక్కటే పనిచేసేదైతే దక్షిణ కొరియాలో పనిచేసి ఉండాలి. అక్కడ 2011లో 16 ఏళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని చట్టమే తెచ్చి, దాదాపు పదేళ్ల తర్వాత తామే రద్దు చేసుకున్నారు.

ఖాళీ అయిన సమయంలో ట్యూషన్ పెట్టాలన్న అల్లుడి ఆలోచన మాత్రం విరమించుకోమను. ఆట తగ్గించిన వాడికి దక్కిన బహుమతి మరో శిక్ష అవుతుంది. దాని బదులు, నేర్చుకున్నది రోజురోజుకూ కనబడేది, నలుగురితో కలిసి చేసేది, వాడు ఎంచుకున్నది ఏదైనా సరే. మీ అన్నయ్య సైకిళ్లు విప్పి బిగించడంలో పడ్డాడు. ఇల్లంతా నూనె మరకలు. నేను నోరెత్తలేదు.

ఇంకొక్క మాట, ఇది తేలిగ్గా తీసుకోకు. గోడను గుద్దడం కోపం కావచ్చు. కానీ చచ్చిపోతానన్నా, ఒంటిమీద కోతలు కనబడినా, వారాల తరబడి బడికి వెళ్లకపోయినా, తిండి మానేసినా, ఆటకోసం రహస్యంగా డబ్బు తీస్తున్నా వెంటనే మనోవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లు. ఫోను కోసం నాటకమని కొట్టిపారేయకు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా’ అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్న పిల్లలను నేను చూశాను. ఆటను మాన్పించడానికంటూ ప్రత్యేకంగా మందు లేదు. ఆలోచననూ అలవాటునూ మార్చే మాటల చికిత్స ఉంది, వెనక కుంగుబాటో, ఆందోళనో, ఏకాగ్రత లోపమో ఉంటే దానికి వైద్యం ఉంది. కొట్టి దారిలో పెడతామనే శిబిరాల వైపు మాత్రం చూడవద్దు.

పదిహేను రోజులయ్యాక ఉత్తరం రాయి. ఫోనులు ఎక్కడ పెడుతున్నారో, వాడు ఎన్ని గంటలు పడుకుంటున్నాడో రాయి. ఆ ఆట పేరు కూడా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ