భాష నేర్పే క్లాసులో ఇస్లాం నీతి మాటెందుకు అంటే...

రకరకాల సంస్కృతుల వాళ్లు కలిసి చదివే భాషా తరగతిలో ఇస్లాం నైతిక విలువల ప్రస్తావన తేవచ్చా, టీచర్లు ఏమనుకుంటారు అని అడిగారు. నేను పెద్దవాళ్లకు ఇంగ్లిషు చెబుతాను, ముస్లింని కాను. మొదట్లో నా జవాబు "ఎందుకొచ్చిన గొడవ" అనే. ఒక షేక్‌హ్యాండ్‌తో అది మారింది.

పలకరింపుల పాఠం. ఇద్దరిద్దరు లేచి పరిచయం చేసుకోవాలి. ఒకబ్బాయి చెయ్యి చాచాడు. ఎదురుగా ఉన్న ముస్లిం అమ్మాయి తన కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, కాస్త తల వంచి, నవ్వుతూ "నైస్ టు మీట్ యూ" అంది. నేనేమో గ్రామర్ తప్పు దిద్దినట్టు "అలా కాదమ్మా, చెయ్యి కలపాలి" అన్నాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. ఆ పీరియడ్‌లో మళ్లీ నోరు విప్పలేదు.

తర్వాత తనే వచ్చి చెప్పింది: "ఎవరైనా పలకరిస్తే అంతకంటే బాగా, లేదంటే కనీసం అంతే బాగా బదులివ్వమని ఖురాన్‌లో ఉంది మేడమ్. నేను చేసిందదే." అది నాలుగో సూరా (అధ్యాయం), 86వ వాక్యం. నాకు మొండితనంగా కనిపించింది ఆమెకు మర్యాద. ట్రైనింగ్‌లో వేరే సంస్కృతుల వాళ్లతో మెలిగే నేర్పు గురించి భాషాబోధన నిపుణుడు మైకేల్ బైరమ్ 1997లో ఇచ్చిన నమూనా చదివాను: ఎదుటివాళ్ల పద్ధతి మీద అపనమ్మకాన్నీ, మన పద్ధతి మీద నమ్మకాన్నీ కాసేపు పక్కన పెట్టగలగాలి అని. పరీక్షలో రాసి పాసయ్యాను, క్లాసులో ఫెయిలయ్యాను.

అప్పటినుంచి కాస్త చదివాను. మనుషుల్ని జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికే అని ఖురాన్ 49:13లో (49వ సూరా, 13వ వాక్యం) ఉంటుంది. భాషల్లో, రంగుల్లో తేడాలు దేవుడి సూచనలని 30:22లో ఉంది. నాకు బాగా పనికొచ్చింది మాత్రం 49:11. ఎగతాళి చెయ్యొద్దు, మారుపేర్లు పెట్టొద్దు అంటుంది. భాషా క్లాసులో యాసను వెక్కిరించడం కంటే పెద్ద రోగం లేదు మరి.

తోటి టీచర్లలో ఒకాయన "ఇలా మొదలుపెడితే పాఠం ప్రసంగం అయిపోతుంది" అంటారు. ఆ భయం అబద్ధమేమీ కాదు, అందుకే నేను వాక్యాలు చదివి వినిపించను. మా ముస్లిం సహోద్యోగి విసుగు వేరు: "ప్రతిదానికీ మీ మతంలో ఏముంది అని నన్నే అడుగుతారు. నేను టీచర్నా, మతపెద్దనా?" స్టూడెంట్స్‌కీ అదే వర్తిస్తుంది. చెయ్యి కలిపే ముస్లింలూ ఉన్నారు, కలపనివాళ్లూ ఉన్నారు. ఒక్కర్ని నిలబెట్టి అందరి తరఫునా జవాబు చెప్పించకండి.

ఇప్పుడు పలకరింపుల పాఠంలో చెయ్యి కలపకుండా మర్యాదగా ఏమనాలో, అవతలివాళ్లు నొచ్చుకోకుండా ఎలా బదులివ్వాలో రెండూ ప్రాక్టీస్ చేయిస్తాను. రెస్టారెంట్ పాఠంలో వైన్ ఆర్డర్ చేసే సంభాషణ ఉంది. అక్కడ "వద్దండీ, నేను తాగను, థాంక్స్" అనే వాక్యం చేత్తో రాసి అతికించుకున్నాను, పుస్తకంలో లేదు కాబట్టి.