కొలెస్ట్రాల్‌కు క్యాప్సూల్సా, తిండి మార్పా? రెండూ చేసి చూసిన నా అనుభవం

మీ ప్రశ్న ఇదీ: వయసు 44, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168 వచ్చింది, డాక్టర్ మాత్ర మొదలుపెడదామన్నారు, మీకేమో మాత్ర అంటే భయం. వెల్లుల్లి క్యాప్సూల్స్, చేప నూనె, రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్ర బూజుతో పులియబెట్టిన బియ్యం) లాంటివి వేసుకుంటూ తిండి మార్చుకుంటే మూడు నెలల్లో తగ్గుతుందా అని అడిగారు.

నాలుగేళ్ల క్రితం నా రిపోర్టులో ఎల్‌డీఎల్ 171. అప్పుడు నాకు 46 ఏళ్లు. మాత్ర అనగానే నేనూ మీలాగే భయపడ్డాను. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట అని ఎవరో అన్న మాట విని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డాక్టర్ గారిని బతిమాలి మూడు నెలలు గడువు తీసుకున్నాను. ఆ మూడు నెలలూ క్యాప్సూల్స్ మింగాను కానీ తిండి పెద్దగా మార్చలేదు. మళ్లీ పరీక్ష చేయిస్తే 174. తర్వాత తిండి మీద పడ్డాను. పన్నెండు వారాలకు 136 వచ్చింది. మీ మూడు నెలలు నా మొదటి మూడు నెలల్లా పోకూడదనే ఇంత పెద్దగా రాస్తున్నాను.

ముందు క్యాప్సూల్స్ సంగతి. నేను వాడినవి వెల్లుల్లి, చేప నూనె, దాల్చినచెక్క. డబ్బాల మీద రాసిన మాటలు నమ్మాను. 2022లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. రెండు వందల లోపు మందిని గుంపులుగా చేసి, కొందరికి 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ (డాక్టర్లు కొలెస్ట్రాల్‌కు రాసే స్టాటిన్ అనే రకం మాత్ర), మిగతావాళ్లకు చేప నూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, ప్లాంట్ స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్‌ను పోలిన పదార్థాలు), రెడ్ ఈస్ట్ రైస్‌లలో ఒక్కొక్కటి, ఇంకో గుంపుకు మందు లేని డమ్మీ మాత్ర 28 రోజులు ఇచ్చారు. స్టాటిన్ వేసుకున్నవాళ్లకు ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం తగ్గింది. ఆ ఆరు సప్లిమెంట్లలో ఒక్కటి కూడా డమ్మీ మాత్ర కంటే మెరుగని తేలలేదు. వెల్లుల్లి గుంపులో ఎల్‌డీఎల్ కాస్త పెరిగింది కూడా. 28 రోజులు తక్కువ సమయమే, ఒప్పుకుంటాను. కానీ నా మూడు నెలల రిపోర్టు కూడా అదే చెప్పింది. చేప నూనె పనికిరానిదని కాదు. ఎక్కువ మోతాదులో అది రక్తంలోని ఇంకో రకం కొవ్వయిన ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తుంది. ఎల్‌డీఎల్ దాని పని కాదు. కొందరిలో కాస్త పెంచుతుంది కూడా. కాబట్టి మీ రిపోర్టులో పెరిగింది ఏదో చూసుకోకుండా కొనకండి.

రెడ్ ఈస్ట్ రైస్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. దీని గురించి అందరికంటే నేనే గట్టిగా చెప్పాలి. 174 రిపోర్టు చూసి కంగారుపడి, డాక్టర్ గారికి చెప్పకుండా అయిదు వారాలు అది వేసుకున్నాను. నాలుగో వారం నుంచి తొడల్లో నొప్పులు మొదలయ్యాయి. మెట్లు ఎక్కుతుంటే బరువు మోస్తున్నట్టు ఉండేది. అప్పుడు వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు కానీ ఒక్క మాట అన్నారు: "ఏ మందుకు భయపడ్డారో ఆ మందునే, ఎంత వేసుకుంటున్నారో తెలియకుండా వేసుకుంటున్నారు." అది అక్షరాలా నిజం. ఎర్రటి ఆ బూజు బియ్యంలో మొనాకోలిన్ కె అనే పదార్థం ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్త అకీరా ఎండో 1979లో ఆ జాతి బూజు నుంచే దాన్ని వేరు చేశారు. 1987లో అమెరికాలో మొదటి స్టాటిన్‌గా అమ్మకానికి వచ్చిన లోవాస్టాటిన్, ఇదీ ఒకే అణువు. అంటే రెడ్ ఈస్ట్ రైస్ పనిచేస్తే స్టాటిన్‌గానే పనిచేస్తుంది, ఇబ్బంది పెట్టినా స్టాటిన్‌లాగే పెడుతుంది. తేడా ఏమిటంటే మాత్రలో ఎంత మందు ఉందో రాసి ఉంటుంది, ఈ డబ్బాలో ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. సరిగ్గా తయారుచేయకపోతే మూత్రపిండాలను దెబ్బతీసే సిట్రినిన్ అనే విషం కూడా అందులో చేరవచ్చు. యూరోపియన్ యూనియన్ 2022లో ఈ మొనాకోలిన్లు రోజు మోతాదులో 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నిబంధన పెట్టింది. నాకు కండరాల పరీక్ష, లివర్ పరీక్ష చేయించారు, అదృష్టవశాత్తూ రెండూ బాగానే వచ్చాయి. ఆపిన పది రోజులకు నొప్పులు పోయాయి. డాక్టర్‌కు చెప్పకుండా దీన్ని మాత్రం ముట్టుకోకండి. ఇప్పటికే స్టాటిన్ వేసుకుంటున్నవాళ్లు దీన్ని కలిపితే అది రెండు స్టాటిన్లు వేసుకున్నట్టే.

కొన్ని మొక్కల నుంచి తీసే బెర్బెరిన్ ఎల్‌డీఎల్‌ను కొంత తగ్గిస్తుంది, కానీ కడుపులో తిప్పుతుంది, కొన్ని మందులతో పడదు, గర్భిణులు వాడకూడదు. నియాసిన్ (విటమిన్ బి3) అంకెలను మారుస్తుంది. అయితే స్టాటిన్‌తో కలిపి వేల మందికి ఇచ్చి చూసిన పెద్ద పరీక్షల్లో గుండెపోట్లు తగ్గలేదు, పైగా ఇబ్బందులు పెరిగాయి. గ్రీన్ టీ తాగితే పరవాలేదు కానీ దాని సారాన్ని గట్టిగా దట్టించిన క్యాప్సూల్స్ వల్ల కొందరికి లివర్ దెబ్బతింది. సప్లిమెంట్లలో ఎక్కువ రుజువున్నవి రెండే అని నాకు అర్థమైంది: ఇసబ్గోల్, ప్లాంట్ స్టెరాల్స్. 2022 పరీక్షలో స్టెరాల్స్ ఫలితం చూపని మాట నిజమే. కానీ రోజుకు 2 గ్రాములు భోజనంతో పాటు తీసుకుంటే ఎల్‌డీఎల్ 8 నుంచి 10 శాతం తగ్గినట్టు అంతకుముందు చాలా పరీక్షల్లో కనిపించింది. నేను స్టెరాల్స్ వాడలేదు, ఇసబ్గోల్ వాడాను.

ఇక తిండి. ఇక్కడ నేను చేసిన మొదటి పని ఒక వారం పాటు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ రాసుకోవడం. రాస్తే కానీ తెలియలేదు. నేను గుడ్ల గురించి భయపడుతున్నాను కానీ నా అసలు సమస్య సాయంత్రం బిస్కెట్లు, కేకులు, వెన్న, చీజ్, మీగడ, వేపుళ్లు. తిండిలో ఉండే కొలెస్ట్రాల్ కంటే వెన్న, మీగడ లాంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వే చాలామందిలో ఎల్‌డీఎల్‌ను ఎక్కువ పెంచుతుంది. లివర్ కణాల మీద రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు ఉంటాయి. వాటిని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ గ్రాహకాల పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. ఇది అర్థమయ్యాక నాకు వెన్న మానడం కష్టం అనిపించలేదు.

కానీ మొదటి రెండు వారాలు ఒక తప్పు చేశాను. వెన్న, చీజ్ మానేసి ఆ ఆకలిని తెల్ల బ్రెడ్డు, జామ్, పళ్లరసాలతో తీర్చుకున్నాను. కొవ్వు తీసేసిన చోట పిండి, చక్కెర పెడితే పెద్దగా లాభం ఉండదు, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఆ చోటులోకి పొద్దుతిరుగుడు, సోయా, ఆలివ్ లాంటి నూనెలు కొలతగా, గింజలు, కాయధాన్యాలు రావాలి. కొబ్బరి నూనె సహజమే కదా అని చాలామంది అడుగుతారు. సహజమే. కానీ అందులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే, ఈ నూనెలతో పోలిస్తే ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. పామాయిల్ కూడా ఆ వరసలోదే, ప్యాకెట్ తినుబండారాల వెనక చదివితే ఎన్నిట్లో ఉందో తెలుస్తుంది.

రెండోది నీటిలో కరిగే పీచు. నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదేనని నా నమ్మకం. కొవ్వును అరిగించడానికి లివర్ కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారుచేసి పేగుల్లోకి వదులుతుంది. దానిలో ఎక్కువ భాగం తిరిగి లివర్‌కే చేరుతుంది. జిగురుగా ఉండే ఈ పీచు కొంత పైత్యరసాన్ని పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. పోయినదాన్ని భర్తీ చేసుకోవడానికి లివర్ రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను లాక్కోవాలి. ఓట్స్, బార్లీల్లో ఉండే బీటా గ్లూకాన్ ఇలాంటిదే. రోజుకు 3 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ 5 శాతం, కొంచెం అటూఇటూగా తగ్గుతుంది. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ 1997లో ఓట్స్ ప్యాకెట్ల మీద గుండెకు మేలని రాసుకోవడానికి అనుమతించింది కూడా ఈ 3 గ్రాముల లెక్క మీదే. పొడి ఓట్స్‌లో చెప్పాలంటే సుమారు 75 గ్రాములు. చక్కెర కలిపిన ఇన్‌స్టంట్ ప్యాకెట్లు కాదు, మామూలు ఓట్స్. నేను పొద్దున ఓట్స్, మధ్యాహ్నం ఒక గిన్నెడు ఉడికించిన శనగలో రాజ్మానో, సాయంత్రం బిస్కెట్ల బదులు గుప్పెడు బాదం, అక్రోట్లు తిన్నాను. బదులు అన్నది గుర్తుంచుకోండి. ఉన్న తిండికి అదనంగా గింజలు తింటే బరువు పెరుగుతారు.

ఇసబ్గోల్ విషయంలో నెమ్మదిగా వెళ్లండి. రోజుకు 10 గ్రాముల దగ్గర ఎల్‌డీఎల్ 7 శాతం దాకా తగ్గుతుంది, కానీ మొదటిరోజే అంత వేసుకుంటే కడుపు ఉబ్బరంతో రెండో రోజు మానేస్తారు. నేను ఒక చెంచాతో మొదలుపెట్టి మూడు వారాల్లో పెంచాను. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, మీద ఇంకో గ్లాసు తాగాలి. నీళ్లు తక్కువైతే గొంతులోనో పేగులోనో అడ్డుపడే ప్రమాదం ఉంది. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. వేరే మాత్రలకు, దీనికి రెండు గంటలైనా తేడా ఉంచండి, ముఖ్యంగా థైరాయిడ్ మాత్రకు.

కాఫీ తాగేవారైతే ఒక చిన్న సంగతి. పేపర్ ఫిల్టర్ లేకుండా మరిగించిన కాఫీలో కాఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. పేపర్ ఫిల్టర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. రోజుకు నాలుగైదు కప్పులు తాగేవాళ్లకు ఇది లెక్కలోకి వస్తుంది.

ఎంత తగ్గుతుందని ఆశించాలి? 2003లో టొరంటోలో డేవిడ్ జెన్కిన్స్ బృందం ఈ పీచు, గింజలు, సోయా, ప్లాంట్ స్టెరాల్స్ అన్నీ కలిపిన తిండిని నెల రోజులు పెట్టి చూస్తే ఎల్‌డీఎల్ 28 శాతానికి పైగా తగ్గింది, లోవాస్టాటిన్ వేసుకున్నవాళ్లకు దగ్గరగా. కానీ అక్కడ తిండి వాళ్లే ఇచ్చారు. ఇదే పద్ధతిని సలహాగా చెప్పి, ఎవరింట్లో వాళ్లు పాటించాక 2011లో లెక్క చూస్తే ఆరు నెలలకు 13 శాతం దగ్గర ఆగింది. మీ 168కి 13 శాతం అంటే 146. నాకు 20 శాతం తగ్గిందంటే, ఆ పన్నెండు వారాల్లో అయిదు కిలోల బరువు కూడా తగ్గాను, మొదట్లో నా తిండి అంత చెడ్డగా ఉంది కూడా. ఇప్పటికే ఒద్దికగా తినేవారికి ఇంత తేడా రాకపోవచ్చు. అది వాళ్ల తప్పు కాదు.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష తప్పకుండా చేయించుకోండి, థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్. మా అక్కకు ఎల్‌డీఎల్ 190 దాకా వెళ్లింది. నన్ను చూసి ఆమె కూడా ఓట్స్ మొదలుపెట్టి ఏమీ తగ్గక ఏడ్చినంత పని చేసింది. చివరికి చూస్తే థైరాయిడ్ బాగా తక్కువగా పనిచేస్తోంది. దానికి మాత్ర వేసుకున్నాక కొలెస్ట్రాల్ చాలావరకు దానంతటదే దిగింది. ఏ కారణమూ లేకుండా ఎల్‌డీఎల్ 190 దాటి, ఇంట్లో చిన్న వయసులో గుండెపోట్లు ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే రకం కావచ్చు. అలాంటివాళ్లు సుమారు 250 మందిలో ఒకరు ఉంటారు. వాళ్లకు తిండి ఒక్కటే చాలదు. లైపోప్రొటీన్ ఎ (ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కొవ్వు రేణువు) అనే ఇంకో పరీక్ష జీవితంలో ఒకసారి చేయించుకుంటే చాలు. అది పుట్టుకతో వచ్చేది, తిండితో మారదు. ఇంకొకటి, చాలా ల్యాబ్‌లలో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, మిగతా అంకెల నుంచి లెక్క కడతారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మామూలుగా వాడే ఆ లెక్క పనికిరాదు. పైగా అదే మనిషికి రెండు వారాల తేడాలో పరీక్ష చేసినా అంకె కొంచెం అటూఇటూ అవుతుంది. 168 కాస్తా 162 అయితే సంబరపడకండి, 173 అయితే కుంగిపోకండి.

మీ భయం గురించి కూడా చెప్పాలి. 2020లో బ్రిటన్‌లో ఒక పరీక్ష చేశారు. స్టాటిన్ పడలేదని ఆపేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు డమ్మీ మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్ నెలల్లో వచ్చిన ఇబ్బందుల్లో 90 శాతం డమ్మీ మాత్ర నెలల్లో కూడా వచ్చాయి. ఆ నొప్పులు అబద్ధమని కాదు, నొప్పి నిజమే, చాలాసార్లు దాని కారణం మందు కాదు. నిజంగానే పడనివాళ్లు కొందరు ఉంటారు, వాళ్లకు వేరే మందులున్నాయి.

మా నాన్నగారికి 51 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. అందుకే 136 వచ్చినా డాక్టర్ గారు నాకది చాలదన్నారు. తిండి మార్పు వదలకుండా రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. ఇప్పుడు 86. రెండున్నరేళ్లయింది, తొడల నొప్పి మళ్లీ రాలేదు.

మీకు షుగర్ ఉన్నా, ఇంతకుముందు గుండె జబ్బో పక్షవాతమో వచ్చినా, నడిస్తే ఛాతీలో బిగుతుగా ఉన్నా ఈ మూడు నెలల గడువు మీకు వర్తించదు, మాత్ర ఆపకండి, వాయిదా వేయకండి. అలాంటివేవీ లేకపోతే డాక్టర్‌ను సూటిగా అడగండి: "నా మొత్తం రిస్క్ చూస్తే పన్నెండు వారాలు ఆగవచ్చా? నా ఎల్‌డీఎల్ ఎంతకు దిగాలి?" ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. అదే రోజు పన్నెండు వారాల తర్వాతి పరీక్ష తేదీ కూడా ఖాయం చేసుకోండి, వీలైతే అదే ల్యాబ్‌లో. ఈలోగా కొత్తగా ఏ క్యాప్సూల్ కొన్నా డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.